బాగుచేయమంటే గరుకు కాగితం

1983లో జపాన్‌లో వచ్చిన ఫామికామ్ అనే నింటెండో వీడియో గేమ్ యంత్రానికి నకలుగా తయారై మన ఊళ్లలో అమ్ముడైన 60 పిన్నుల కార్ట్రిడ్జ్ (ఆట ఉండే క్యాసెట్) గేమ్ పెట్టె ఒకటి ఇన్నేళ్ల తరువాత మా అటక మీద దొరికింది. దానిని బాగుచేయించుకుందామని నల్గొండ గడియారం సెంటరు దగ్గర ఒక దుకాణంలో ఇచ్చాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో సున్నితంగా తుడవవలసిన కార్ట్రిడ్జ్ పిన్నులను, ఆ మెకానిక్ గరుకు కాగితంతో పరపరా రుద్ది, పైనున్న పలుచని పూతను పూర్తిగా లేపేశాడు. అడిగితే, “తళతళ మెరుస్తున్నయి కద సార్!” అన్నాడు. మెరిసేది లోపలి రాగి అనీ, అది ఇక త్వరగా చిలుమెక్కుతుందనీ చెప్పినా అతనికి పట్టలేదు.

పసుపెక్కిన ప్లాస్టిక్కును తెల్లబరచడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్, ఎండ రెండూ కావాలి. ఎండకు మాకు కరువు లేదు గానీ, మందుల దుకాణాల్లో దొరికేది గాయాలు కడిగే పలుచని ద్రావణమే. బొమ్మను టీవీ యాంటెన్నా సంకేతంగా మార్చే పాత ఆర్‌ఎఫ్ మాడ్యులేటరును తప్పించి, దానికి ముందే వీడియో సంకేతాన్ని తీసుకుని, ట్రాన్సిస్టరుతో, టీవీకి బొమ్మనూ శబ్దాన్నీ నేరుగా ఇచ్చే ఏవీ సాకెట్ అమర్చమని అదే దుకాణంలో అడిగితే, “ఇదంత ఎందుకు సార్, ఫోన్ల ఆడుకోరాదుండ్రి” అని ఉచిత సలహా ఇచ్చి, రుద్దినందుకు మాత్రం 200 రూపాయలు పుచ్చుకున్నాడు.