బిట్టా, బైటా? ఆ చాదస్తమే కావాలి

గేములు దింపుకునే సాఫ్ట్‌వేర్‌లో ఏ చిన్న మార్పు వచ్చినా వాడేవాళ్ళు రెండు జట్లవుతారు. మాట తప్పు, అంకె తప్పు అని పట్టుబట్టేవాళ్ళు ఒకవైపు. 'గేమ్ నడుస్తోందా లేదా, అది చూసుకో' అనేవాళ్ళు మరోవైపు. మొదటివాళ్ళకు చాదస్తులని పేరు పడింది. ఈ గొడవలో న్యాయం చాదస్తులదే. నెలనెలా ఇంటర్నెట్ బిల్లు కట్టే విశాఖ ఇళ్ళకు వాళ్ళ పట్టుదల చాలా అవసరం.

లెక్క చూడండి. కనెక్షన్ 100 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు 12.5 మెగాబైట్లు. డేటాతోపాటు వెళ్ళే చిరునామాల భారం పోగా చేతికందేది 11.8 దాకా. స్టీమ్ అంటే గేములు అమ్మి, దింపిపెట్టే సాఫ్ట్‌వేర్. స్టీమ్‌లో ఆ 11 కనిపించగానే 'వందకు డబ్బులు తీసుకుని పదకొండు ఇస్తున్నారు' అని లైను చూసే కుర్రాడి మీద విరుచుకుపడతారు. అతని తప్పేమీ లేదు. సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్ కింద వేగాన్ని బిట్లలో చూపించమనే టిక్ ఒకటుంది. అది తీసి ఉంటే 11, పెట్టి ఉంటే 90 పైన. లైను అదే, అంకె మారింది. వేగానికి పరిమితి పెట్టే గడిలోనూ పక్కనున్న ప్రమాణం చూడకుండా అంకె కొడితే ఎనిమిది రెట్లు తేడా వస్తుంది.

ఇంగ్లీషువాళ్ళకు కనీసం చిన్న బి అంటే బిట్టు, పెద్ద బి అంటే బైటు అనే గుర్తుంది. తెలుగు లిపిలో చిన్నబడి, పెద్దబడి అక్షరాలు లేవు. మనం 'ఎంబీ' అని రాస్తే రెండూ అదే. '100 ఎంబీ స్పీడ్' అని పాంప్లెట్లో వేస్తే చదివినవాడు ఏమని అర్థం చేసుకోవాలి? ఎంవీపీ కాలనీ రైతు బజారులో కిలో వంకాయలకు డబ్బిస్తే నూట పాతిక గ్రాములు తూస్తే ఊరుకుంటామా? బిట్టుకీ బైటుకీ ఉన్న తేడా సరిగ్గా అంతే. కాబట్టి తెలుగులో రాసే ప్రతివాడూ, పత్రికలతో సహా, మెగాబిట్, మెగాబైట్ అని పూర్తిగా రాసి తీరాలి. ఎంబీపీఎస్ అనే మాట మన లిపిలో పనికిరాదు.

మాట కచ్చితంగా లేకపోతే ఏమవుతుందో అప్‌డేట్ల దగ్గర ఇంకా బాగా కనిపిస్తుంది. 300 మెగాబైట్ల అప్‌డేట్ వచ్చింది. వంద మెగాబిట్ల లైను మీద అది 24 సెకన్ల పని. కానీ పావుగంటైనా గేమ్ తెరుచుకోదు. స్టీమ్ చూపే గ్రాఫులో నెట్‌వర్క్ నీలం గీతలు సున్నాకి పడిపోతాయి, జనం రూటర్ ఆపి మళ్ళీ వేస్తారు. జరిగేది వేరు. స్టీమ్ ఫైళ్ళను సుమారు ఒక్కో మెగాబైటు ముక్కలుగా చూస్తుంది, మారిన ముక్కలే దింపుతుంది. గేమ్ తయారుచేసినవాళ్ళు బొమ్మలూ శబ్దాలూ అన్నీ కలిపి 40 గిగాబైట్ల ఒకే మూటగా కట్టి ఉంటే, అందులో నాలుగు ముక్కలు మారినా ఆ మూట మొత్తాన్ని పక్కన కొత్తగా కట్టి, పాతది తీసెయ్యాలి. 40 చదవాలి, 40 రాయాలి. సెకనుకు 100 మెగాబైట్లు లాగే పాత హార్డ్ డిస్క్ మీద అది తక్కువలో తక్కువ 13 నిమిషాలు. చదవడం, రాయడం ఒకే డిస్క్ మీద కాబట్టి అసలు సమయం అంతకంటే ఎక్కువే. అదే గ్రాఫులో డిస్క్‌ను చూపే ఆకుపచ్చ గీత పైకి లేచి ఉందంటే ఇంటర్నెట్ జోలికి వెళ్ళనక్కర్లేదు. ఆ సమయంలో రూటర్ ఆపడం వల్ల ఒరిగేదేమీ లేదు. గేమ్‌ను ఎస్ఎస్‌డీకి, అంటే వేగంగా చదివి రాసే కొత్త రకం డిస్క్‌కు మార్చాలి, ఆ మూట పట్టేంత ఖాళీ ఉంచాలి.

మునుపు స్టీమ్‌లో పైన కనిపించే పట్టీ దింపుడు ఎంతయిందో మాత్రమే చెప్పేది. నూరు శాతం అయిపోయినా పని సాగుతూనే ఉండేది. 2021లో స్టీమ్ ఆ పట్టీని మొత్తం పని ఎంతయిందో చూపేలా మార్చింది. 'డౌన్‌లోడ్' వేరు, 'ఇన్‌స్టాల్' వేరు అని చాదస్తులు చెప్పేది ఇదే.

1024 గొడవా అంతే. కిలోబైటంటే వెయ్యి బైట్లా, 1024 బైట్లా అన్నదే ఆ గొడవ. 1024 లెక్కకు కిబి, మెబి, గిబి అనే పేర్లు 1998 నుంచీ ఉన్నాయి. ఆపిల్ 2009లో మ్యాక్ లెక్కను వెయ్యికి మార్చుకుంది. విండోస్ ఇప్పటికీ 1024తో లెక్కేసి, గిగాబైట్ అనే పేరే పెడుతుంది. ఒక టెరాబైట్ డిస్క్ కొంటే 931 గిగాబైట్లు చూపిస్తుంది. డిస్క్ కంపెనీ దొంగ కాదు, కొలత పేరు తప్పు.

ఎదుటివాళ్ళు అనేదీ వినాలి. ఉచితంగా లాంచర్లు (గేములు దింపి, తెరిచే సాఫ్ట్‌వేర్లు) రాసే కుర్రాళ్ళను అక్షరం కోసం తిట్టిపోయడం దారుణమే. పదిమందిలో తొమ్మిదిమందికి బటన్ నొక్కితే గేమ్ రావడమే కావాలన్నదీ నిజమే. కానీ ఆ తొమ్మిదిమందీ వేగం తగ్గిన రోజు ఎవరిని నిలదీయాలో తెలియక అడిగేది పదోవాణ్ణే.

అసలు లోటు ఇంకా పెద్దది. ఒకప్పుడు కుంచం ఊరికో తీరుగా ఉండేది, నష్టపోయేది రైతు. అందుకే మెట్రిక్ కొలతలు తెచ్చుకున్నాం, తూనికలు, కొలతలకు లీగల్ మెట్రాలజీ చట్టం, 2009 చేసుకున్నాం. పెట్రోలు బంకులో అనుమానమొస్తే ఐదు లీటర్ల కొలపాత్ర తెమ్మనొచ్చు. డేటాకు ఆ కొలపాత్ర ఏది? 'అన్‌లిమిటెడ్' అని అమ్మే చాలా ప్లాన్లలో నెలకు 3300 గిగాబైట్లు దాటగానే వేగం కోస్తారు. వంద మెగాబిట్లు ఆపకుండా వాడితే అది మూడు రోజులకే చెల్లు. ఇప్పుడు మన ఊరికి గూగుల్ ఒక గిగావాట్ డేటా సెంటర్ అంటున్నారు. గిగావాట్ కరెంటు కొలత, ఇంటర్నెట్ వేగం కొలత కాదు. ఆ ఒక్క మాట విని ఇంట్లో గేములు జోరుగా దిగుతాయని ఆశపడేవాళ్ళకు ఆ తేడా ఎవరో ఒకరు విప్పి చెప్పాలి.

ఫిర్యాదు చేసేటప్పుడూ ఈ పట్టింపే పనికొస్తుంది. 300 మెగాబిట్ల ప్లాన్ తీసుకున్నా 11.8 మెగాబైట్లు దాటడం లేదంటే, కంప్యూటర్‌లో లింక్ స్పీడ్ (కంప్యూటర్‌కూ రూటర్‌కూ మధ్య కేబుల్ మీద కుదిరిన వేగం) చూడండి. అక్కడ 100 అని ఉంటే లోపం ఇంట్లోనే. గిగాబిట్‌కు కేబుల్లో ఎనిమిది తీగలూ తగలాలి. వంద మెగాబిట్లకు నాలుగు చాలు కాబట్టి, మిగతా నాలుగింటిలో ఒక్కటి తెగినా వందకు పడిపోతుంది. ఉప్పుగాలి తగిలే పెదవాల్తేరు, లాసన్స్ బే వైపు బాల్కనీలో జాక్ ఉంటే ముందు దాన్ని ఊడదీసి చూడండి. రాగి మీద పచ్చటి చిలుము పట్టి ఉంటే కొత్త జాక్ వేయించండి, రూటర్ మార్చక్కర్లేదు.