బెయిలొచ్చినా బ్యారక్‌లోనే తల్లీబిడ్డలు

జైల్లో తల్లుల ప్రస్తావన వస్తే మాటలన్నీ పాలు, ఉయ్యాల, బొమ్మల చుట్టూనే తిరుగుతాయి. అవీ కావాల్సినవే. అయితే 2022 చివరికి దేశంలోని జైళ్లలో తల్లుల వెంట ఉన్న పిల్లలు 1,764 మంది. ఆ తల్లులు 1,537 మంది, అందులో ఎక్కువమంది శిక్షే పడని రిమాండ్ ఖైదీలు. కాబట్టి జైల్లో పిల్లల్ని చూసుకునే క్రెష్ ఎలా ఉందన్నది రెండో ప్రశ్న. ఈ తల్లి ఇంకా లోపలెందుకుందన్నది మొదటిది.

పిల్లల విషయంలో రాతకోతలకు లోటు లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో 2006 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు చాలానే చెప్పింది. బిడ్డను ఆరేళ్ల వరకు తల్లి దగ్గరే ఉంచుకోవచ్చు. కాన్పు వీలైనంత వరకు బయటి ఆసుపత్రిలో జరగాలి. లోపలే పుడితే జనన ధ్రువపత్రంలో జైలు పేరు రాయకూడదు. కిక్కిరిసిన సబ్‌జైళ్లలో పసివాళ్లను పెట్టకూడదు. చంచల్‌గూడ, రాజమహేంద్రవరం లాంటి చోట్ల మహిళలకు వేరే జైళ్లున్నాయి. మిగతా చాలాచోట్ల వాళ్లది మగవాళ్ల జైల్లో ఓ మూల బ్యారక్. అక్కడ గర్భిణికి నెలవారీ పరీక్ష కూడా ఆసుపత్రికి వెంట వచ్చే పోలీసు ఎస్కార్ట్ మీదే ఆధారపడుతుంది. మహిళా కానిస్టేబుల్ బందోబస్తుకు వెళ్తే ఆ రోజు స్కానింగ్ లేనట్టే.

అసలు ముడి జామీను దగ్గర పడుతుంది. భర్త జైలుకెళ్తే భార్య కూలి మానుకుని ములాఖత్‌కి వస్తుంది. భార్య వెళ్తే తరచూ పుట్టింటివాళ్లు కూడా గడప తొక్కరు. కోర్టేమో ఇద్దరు జామీనుదారుల్ని తెమ్మంటుంది. వాళ్లు ఆధార్, ఇంటిపన్ను రసీదు పట్టుకుని పనిదినాన కోర్టుకు రావాలి, ఆ కాగితాలు నిజమైనవో కాదో తేలాలి. స్థానికులే కావాలంటే వలసకూలీ ఎవర్ని తెస్తుంది? అంతా అయ్యాక విడుదల ఉత్తర్వు సాయంత్రం బ్యారక్‌లకు తాళం వేసే వేళ దాటి చేరితే ఇంకో రాత్రి అక్కడే.

దీనికీ మందుంది. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు వరసగా మెట్లు చెప్పింది. బెయిల్ ఉత్తర్వు అదే రోజు లేదా మర్నాడు జైలుకు ఈమెయిల్ చేయాలి. ఏడు రోజుల్లో ఖైదీ బయటికి రాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. నెలలోగా పూచీ దాఖలు కాకుంటే షరతు సడలించే విషయం కోర్టే చూడొచ్చు. అదే ఏడాది వచ్చిన పేద ఖైదీల పథకం కింద రిమాండ్ ఖైదీకి రూ.40,000 వరకు, జరిమానా కట్టలేని శిక్షా ఖైదీకి రూ.25,000 వరకు ఇవ్వొచ్చని అప్పటి మార్గదర్శకాలు చెప్పాయి.

చిక్కేమిటంటే, పథకం ఇచ్చేది డబ్బు, కోర్టు అడిగేది మనుషుల్ని. షరతును నగదు డిపాజిట్‌గా మార్చమని లీగల్ ఎయిడ్ వకీలు పిటిషన్ వేస్తే తప్ప ఆ సొమ్ము అక్కరకు రాదు. పైగా గంజాయి కేసులకు పథకం వర్తించదు. ఏజెన్సీ నుంచి మూట మోసి పట్టుబడిన కూలి తల్లిని అలా పక్కనపెట్టడం నా దృష్టిలో పెద్ద తప్పు. మూట యజమాని వకీలును పెట్టుకోగలడు, ఆమె పెట్టుకోలేదు.

బిడ్డకు ఆరేళ్లు ఎప్పుడు నిండుతాయో జైలు రికార్డు చూస్తే తెలుస్తుంది. తల్లికి బెయిలొచ్చిన తేదీని దాని పక్కనే ఎక్కించి, ఏడో రోజు దాటిన పేర్లను జైలు తనిఖీకి వచ్చే జిల్లా జడ్జి ముందుంచితే చాలు. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, రిజిస్టర్‌లో ఒక గడి గీస్తే సరిపోతుంది.