బెంగ పెట్టుకునే తీరిక లేని పిల్లలు

పదకొండేళ్ల పిల్ల. పుట్టి పెరిగిన ఊరు వదిలి కొత్త నగరానికి అప్పుడే వచ్చింది. సామాన్ల లారీ ఇంకా చేరలేదు. మంచం లేని ఖాళీ గదిలో నేల మీదే పడుకుంది. తల్లి వచ్చి పక్కన చేరుతుంది. ఆ రాత్రి పిల్ల ఏడ్చినా, చిరాకుపడినా ఎవరూ తప్పుపట్టరు. కానీ తల్లి ముందుగానే మెచ్చుకుంటుంది. ఇంత గందరగోళంలోనూ నువ్వు నవ్వుతూనే ఉన్నావు, నాన్న చాలా ఒత్తిడిలో ఉన్నారు, మనిద్దరం ఇలాగే నవ్వుతూ ఉంటే ఆయనకు ఎంతో సాయం, ఉందామా అని అడుగుతుంది. పిల్ల సరేనంటుంది.

పిక్సర్ సంస్థ 2015లో విడుదల చేసిన ‘ఇన్‌సైడ్ అవుట్’లో నన్ను అన్నిటికంటే భయపెట్టిన సన్నివేశం ఇది. ఈ సినిమాలో దుష్టపాత్ర లేదు. పిల్లను కొట్టేవాళ్లు, తిట్టేవాళ్లు లేరు. తల్లి అన్న మాటలో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. అయినా ఆ క్షణం నుంచి రైలీ అనే ఆ పిల్లకు దిగులుపడే దారి మూసుకుపోయింది. ‘పిల్లలకు భావోద్వేగాలను అదుపు చేసుకోవడం నేర్పే సినిమా’ అని దీన్ని బడుల్లో చూపిస్తుంటారు. నాకు మాత్రం ఇది పిల్లల పక్కన కూర్చుని చూస్తున్న పెద్దవాళ్ల కోసం తీసిన సినిమా అనిపిస్తుంది.

కథంతా రైలీ తలలోనే నడుస్తుంది. అక్కడ ఒక కంట్రోల్ బోర్డు ఉంటుంది. దాని ముందు సంతోషం, దిగులు, కోపం, భయం, ఏవగింపు అనే ఐదుగురు నిలబడి పిల్లను నడిపిస్తుంటారు. ముఖకవళికల మీద జీవితకాలం పరిశోధన చేసిన పాల్ ఎక్మన్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం బోధించే డాకర్ కెల్ట్నర్ ఈ చిత్రానికి సలహాదారులు. ఎక్మన్ జాబితాలో ఆశ్చర్యం కూడా ఉంది. అది భయానికి మరీ దగ్గరగా ఉందని దాన్ని వదిలేశారు. పెత్తనమంతా సంతోషానిదే. పసుపు రంగులో మెరిసిపోయే ఆమె పిల్ల పుట్టిన క్షణం నుంచీ బోర్డు తన చేతుల్లోనే ఉంచుకుంది. దిగులు ఎందుకుందో ఆమెకు అర్థం కాదు. కొత్త బడిలో మొదటి రోజున సంతోషం సుద్దముక్క తీసుకుని నేల మీద గుండ్రంగా గిరి గీస్తుంది. దిగులును అందులో నిలబెట్టి, ఈ రోజంతా నువ్వు ఇందులోంచి కదలకుండా ఉండటమే నీ పని అంటుంది. హాల్లో పిల్లలు నవ్వుతారు. నాకు నవ్వు రాలేదు. ఎన్ని ఇళ్లలో మనం ఇలాంటి గిరులు గీశామో గుర్తొచ్చింది.

దర్శకుడు పీట్ డాక్టర్ ఈ కథకు బీజం తన ఇంట్లోనే దొరికిందని చాలాసార్లు చెప్పారు. గలగలా మాట్లాడే కూతురు పదకొండేళ్లు వచ్చేసరికి ముభావంగా మారిపోవడం చూసి, ఈ పిల్ల తలలో ఏం జరుగుతోంది అనుకున్నారట. ఆయన చిన్నతనంలో కుటుంబం అమెరికా నుంచి డెన్మార్క్‌కు వెళ్లింది. కొత్త చోట నోరు మెదపలేని పిల్లవాడి బాధ ఆయనకు అప్పటి నుంచే తెలుసు. ఇంత తెలిసిన మనిషి కూడా మొదట తప్పు కథే రాసుకున్నారు. తొలి రూపంలో సంతోషంతో పాటు బోర్డు గది నుంచి బయటపడి దారి తప్పేది భయం, ఇప్పుడు మనం చూసే దిగులు కాదు. సినిమా కుదరడం లేదని, తనను తీసేస్తారేమోనని కుంగిపోయి ఒకరోజు నడకకు వెళ్లారు. ఉద్యోగం పోతే నేను దేన్ని కోల్పోతాను అని ఆలోచిస్తే ఇల్లూ వాకిలీ కాదు, మనుషులు గుర్తొచ్చారు. అందులోనూ తనతో నవ్వినవాళ్లకంటే కోపాన్నీ, దుఃఖాన్నీ పంచుకున్నవాళ్లు. మనుషుల్ని దగ్గర చేసేది దిగులేనని అప్పుడు తట్టింది. కథ మళ్లీ మొదలుపెట్టారు.

రైలీకి వచ్చిన కష్టాన్ని చెప్పడానికి తెలుగులో చక్కటి మాట ఉంది. బెంగ. అమ్మమ్మగారి ఊరి నుంచి తిరిగొచ్చిన పిల్లవాడు బెంగతో జ్వరం తెచ్చుకుంటాడు. అత్తవారింటికి వెళ్లిన కొత్త పెళ్లికూతురు బెంగ పెట్టుకుంటుంది. దూడను అమ్మేస్తే ఆవు బెంగతో మేత మానేస్తుంది. పాతకాలం పెద్దవాళ్లకు బెంగంటే ఒంటికి వచ్చిన జ్వరం లాంటిదే. ‘పిల్ల బెంగ పెట్టుకుందమ్మా, నాలుగు రోజులు దగ్గర పడుకోబెట్టుకో’ అనేవారు. అదే వైద్యం. ‘బెంగ ఎందుకు, అక్కడ అన్నీ ఉన్నాయిగా’ అని వాదించేవారు కాదు. ఇప్పుడు మనం వాదిస్తున్నాం. కొత్త అపార్ట్‌మెంట్‌లో స్విమ్మింగ్ పూల్ ఉంది, స్కూలు బస్సు ఇంటి ముందుకే వస్తుంది, నీ వయసు పిల్లలు పక్క బ్లాకులోనే పదిమంది ఉన్నారు అంటూ లెక్కలు చెబుతాం. అవన్నీ నిజాలే. అయితే బెంగపడ్డ పిల్ల ఆ లెక్కలు అడగలేదు.

ఈ మాట చెప్పడానికి సినిమాలో గొప్ప సన్నివేశం ఒకటుంది. రైలీ మూడేళ్ల వయసులో ఊహించుకున్న ఏనుగు లాంటి నేస్తం బింగ్‌బాంగ్. పిల్ల పెద్దదైంది, వాడు జ్ఞాపకాల సందుల్లో తిరుగుతున్నాడు. వాళ్లిద్దరూ చంద్రుడి మీదకు వెళదామని దాచుకున్న బొమ్మ రాకెట్టును పనివాళ్లు మరపు గోతిలోకి తోసేస్తారు. వాడు అక్కడే కూలబడిపోతాడు. సంతోషానికి తొందర, బోర్డు దగ్గరికి తిరిగి చేర్చే రైలు అందుకోవాలి. చక్కిలిగింతలు పెడుతుంది, వెక్కిరింపు ముఖాలు పెడుతుంది, ఆట ఆడదాం రమ్మంటుంది. వాడు కదలడు. అప్పుడు దిగులు వచ్చి పక్కన కూర్చుంటుంది. నువ్వు ఇష్టపడినదాన్ని తీసేసుకున్నారు, పాపం అంటుంది. వాడు రాకెట్టు గురించి చెబుతాడు, మీరు చాలా సరదాగా ఉండేవాళ్లు కదూ అని ఆమె వింటుంది. వాడు ఆమె భుజం మీద వాలి ఏడుస్తాడు. కాసేపటికి తనంతట తానే లేచి, ఇప్పుడు పర్వాలేదు, పదండి, రైలు స్టేషను ఇటే అంటాడు. సంతోషం తెల్లబోతుంది. ఎలా చేశావని అడిగితే దిగులుకూ తెలియదు. బాధపడుతున్నాడు, విన్నాను అంటుంది.

నేను ఈ సన్నివేశం దగ్గర వెనక్కి వెళ్లి వెళ్లి చూశాను. దిగులు సలహా ఇవ్వలేదు, కొత్త రాకెట్టు కొనిస్తాననలేదు, ‘ఊరుకో’ అనలేదు. మనం ఏడ్చే బిడ్డతో అనే మొదటి మాట ఊరుకో. రెండో మాట కూడా అదే. మగపిల్లవాడైతే మూడో మాట ‘మగాడివి, ఏడుస్తావేంట్రా’ అని ఉంటుంది. ఆడపిల్ల అయితే ఇంటికొచ్చినవాళ్ల ముందు నవ్వుముఖంతో ఉండమంటాం. ప్రేమతోనే అంటాం, రైలీ తల్లిలాగే.

చెరువు నిండినప్పుడు అలుగు పారాలి. అలుగు మూసేస్తే కట్ట తెగుతుంది. ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఎనిమిదో శతాబ్దపు సంస్కృత నాటకకర్త భవభూతి ‘ఉత్తరరామచరితం’లో సరిగ్గా ఈ పోలికే తెచ్చాడు. చెరువు పొంగితే నీటిని బయటకు వదలడమే విరుగుడు, శోకం పొంగినప్పుడు గుండె నిలబడేది విలాపంతోనే అన్నాడు. సీతను వదులుకున్న రాముడి గురించి చెప్పిన మాట అది. రైలీ విషయంలో జరిగింది కట్ట తెగడమే. దిగులు ఉండాల్సిన చోట లేకపోయేసరికి కోపం, భయం, ఏవగింపు బోర్డును నడపబోయాయి. తల్లి పర్సులోంచి కార్డు దొంగిలించి, పారిపోయి పాత ఊరికి బస్సెక్కమని కోపం సలహా ఇచ్చింది. పిల్ల ఎక్కేసింది. ఆ దశలో బోర్డు నల్లగా గడ్డకట్టిపోతుంది, ఏ మీట నొక్కినా పనిచేయదు. ఆ సమయంలో రైలీ ఏడవడం లేదు, అసలు దేన్నీ అనుభవించడం లేదు. పిల్లల్లో మనం నిజంగా భయపడాల్సింది ఈ మొద్దుబారినతనానికి. ఏడుపు వినిపిస్తున్నంతసేపూ బిడ్డ ఇంకా మనతో మాట్లాడుతున్నట్టే.

సినిమాలో నాకు నచ్చని సంగతి కూడా చెప్పాలి. తండ్రి వ్యాపారం, పెట్టుబడుల గొడవ కథలో పక్కనే ఉండిపోతాయి. ఆయన ఎందుకంత ఒత్తిడిలో ఉన్నాడో, ఊరు మారకుండా దారి ఉందో లేదో ఎవరూ అడగరు. భోజనాల బల్ల దగ్గర తల్లిదండ్రుల తలల్లోకి కూడా కెమెరా ఒకసారి తొంగిచూస్తుంది. తండ్రి తలలో పెత్తనం కోపానిది. తల్లి తలలో నడిమి కుర్చీలో కూర్చుని నెమ్మదిగా నడిపిస్తున్నది దిగులు. చూపించి వదిలేశారు. అంత దిగులును ఏళ్లుగా నవ్వుతూ మోస్తున్న తల్లే బిడ్డకూ నవ్వే నేర్పింది. దాని మీదే ఇంకో సినిమా తీయొచ్చు.

2024లో వచ్చిన రెండో భాగంలో రైలీకి పదమూడేళ్లు. ఈసారి నారింజ రంగు ఆందోళన వచ్చి బోర్డు లాక్కుంటుంది, పాతవాళ్లందరినీ గాజు సీసాలో మూసేస్తుంది. హాకీ శిబిరంలో ఎంపిక కాకపోతే బతుకే లేదన్నట్టు పిల్లను పరిగెత్తిస్తుంది. అది చూస్తుంటే నాకు అమెరికా గుర్తురాలేదు. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్‌లో చేరిన పిల్లలు గుర్తొచ్చారు. ఇంటర్ హాస్టళ్ల గేట్ల దగ్గర ఆదివారం పూట కనిపించే దృశ్యం గుర్తొచ్చింది. క్యారియర్‌లో పులిహోర తెచ్చిన అమ్మ ‘మేం బాగానే ఉన్నాం, నువ్వు చదువు మీద ధ్యాస పెట్టు’ అంటుంది. ‘నేనూ బాగానే ఉన్నానమ్మా’ అంటాడు కొడుకు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు అబద్ధమాడుతుంటారు. ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు రెండు రాష్ట్రాల పేపర్లలోనూ కనిపించే వార్తలు చదివినప్పుడల్లా ఆ గేటు గుర్తొస్తుంది. వారంలో ఆ ఒక్క గంటైనా ఎవరో ఒకరు ‘నాకు బాగాలేదు’ అనగలిగి ఉంటే అనిపిస్తుంది.

మొదటి సినిమా చివర రైలీ బస్సు దిగి ఇంటికొస్తుంది. నేను సంతోషంగా ఉండాలని మీరు కోరుకుంటున్నారని తెలుసు, కానీ నాకు మన ఊరు గుర్తొస్తోంది అని ఏడుస్తుంది. అప్పుడు తల్లిదండ్రులు సర్దిచెప్పరు. మాకూ గుర్తొస్తోంది అంటారు. ముగ్గురూ కావలించుకుంటారు, రైలీ తలలో పసుపూ నీలమూ కలిసిన కొత్త జ్ఞాపకం పుడుతుంది. సంతోషం పసుపు రంగులో ఉన్నా ఆమె జుట్టు మొదటి నుంచీ నీలమే, దిగులు ఒంటి రంగే. మొదటిసారి చూసినప్పుడు నేను గమనించలేదు.

ఉద్యోగరీత్యా రాజమండ్రి నుంచి హైదరాబాద్ వచ్చిన ఏడాది మా అమ్మాయి ఆరో తరగతి. రెండు నెలలు సరిగ్గా తినలేదు. అడిగితే బాగానే ఉందనేది, మేమూ నమ్మడం సులువు కాబట్టి నమ్మాం. ఈ సినిమా చూసిన తర్వాతి రోజు రాత్రి, అన్నాల దగ్గర, నాకు గోదావరి గట్టు బాగా గుర్తొస్తోందమ్మా అన్నాను. కంచం ముందు నుంచి లేవకుండానే ఏడ్చింది. మా ఆవిడ ఊరుకోమనబోయి ఆగిపోయింది. చాలాసేపటి తర్వాత, ముక్కు తుడుచుకుని, ఆ ఇంట్లో కొత్తగా దిగినవాళ్లు మన కనకాంబరాలకు నీళ్లు పోస్తున్నారో లేదో నాన్నా అంది. ఫోన్ చేసి కనుక్కుందాం అన్నాను.