తలా ఓ చెయ్యి

‘దొంగను పట్టుకున్న స్థానికులు దేహశుద్ధి చేసి పోలీసులకు అప్పగించారు.’ ఈ వాక్యం తెలుగు పేపర్లలో ఎన్నిసార్లు అచ్చయిందో లెక్క లేదు. మా పేపర్లోనూ అచ్చయింది. జిల్లా పేజీలో, అడుగున, రెండంగుళాల వార్త. చదివినవాళ్లు బాగా అయిందనుకుని పేజీ తిప్పేస్తారు. ఇప్పుడు పేపరు కూడా అక్కర్లేదు. కిరాణా కొట్టు ముందో, సూపర్ మార్కెట్ మెట్ల మీదో చొక్కా చిరిగిపోయి, పెదవి చిట్లి, చేతులు జోడించి కూర్చున్న మనిషి వీడియో పొద్దున్నే వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేస్తోంది. దాని కింద కామెంట్లు. ఇంకో నాలుగు తగిలించాల్సింది అని ఒకరు. చేతులు నరికేయాలి అని ఇంకొకరు. చంపేసినా పాపం లేదు అని మరొకరు.

ఆ చివరి మాట చూసి మాకు భయమేస్తోంది. అది రాసినవాళ్లేమీ రౌడీషీటర్లు కారు. పిల్లల్ని బడిలో దింపొచ్చి, టీ తాగుతూ ఫోన్ చూసుకునేవాళ్లు. దుకాణంలో సరుకు ఎత్తుకుపోతున్నవాణ్ణి అక్కడున్న జనం కొట్టి చంపినా తప్పులేదనే అభిప్రాయం మర్యాదస్తుల ఇళ్లలోకి వచ్చి కూర్చుంది. అందులో పత్రికల పాలు తక్కువేమీ కాదు. తన్నారు అని రాస్తే తన్నినవాడి మీద కేసు ఏమైందని ఎవరైనా అడుగుతారు. దేహశుద్ధి చేశారు అని రాస్తే ఎవరూ అడగరు. శుద్ధి అంటే పుణ్యకార్యమే కదా మరి!

ఆ శుద్ధి ఎక్కడిదాకా పోతుందో అట్టపాడిలో చూశాం. కేరళలోని పాలక్కాడ్ జిల్లా, 2018 ఫిబ్రవరి 22. కొట్లలో బియ్యం, తినే సరుకులు పోతున్నాయని కొందరు గుంపుగా అడవిలోకి వెళ్లి, అక్కడే ఉంటున్న ఓ ఆదివాసీ యువకుణ్ణి పట్టుకున్నారు. మతిస్థిమితం సరిగా లేని మనిషి. చేతులు కట్టేశారు. సరుకుల మూట అతని చేతే మోయించారు. ముక్కాలి కూడలి దాకా కొట్టుకుంటూ నడిపించారు. మధ్యలో ఒకడు ఆగి, కట్టేసి ఉన్న ఆ మనిషి పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్నాడు. చివరికి మన వార్తల్లో ఉన్నట్టే పోలీసులకు అప్పగించారు. ఆస్పత్రికి తీసుకెళ్తుండగా జీపులోనే ప్రాణం పోయింది. దొంగిలించాడని చెప్పినదేమిటి? అన్నం వండుకునే బియ్యం.

కేసు ఐదేళ్లు నడిచింది. ఇరవై మందికి పైగా సాక్షులు అడ్డం తిరిగారు. ఒక సాక్షికి కోర్టులో ఆ రోజు వీడియో చూపిస్తే తనకేమీ సరిగా కనపడటం లేదన్నాడు. జడ్జి అతణ్ణి కంటి పరీక్షకు పంపించారు. చూపు లక్షణంగా ఉందని తేలింది. 2023 ఏప్రిల్‌లో మన్నార్కాడ్ ప్రత్యేక కోర్టు 16 మంది నిందితుల్లో 14 మందిని దోషులుగా తేల్చి, అందులో 13 మందికి ఏడేళ్ల కఠిన జైలుశిక్ష వేసింది. అయితే హత్య సెక్షన్ కింద కాదు. హత్య కిందికి రాని నరహత్య అంది. ముందున్న సాక్ష్యాలను బట్టే కోర్టు తీర్పు చెబుతుంది, మేం దాన్ని తప్పుపట్టడం లేదు. మా బాధ ఆ సాక్షి కళ్ల గురించి. మనిషిని కొట్టేటప్పుడు బాగానే కనిపించిన ఊరికి, బోనెక్కాక చూపు మందగించింది.

పదిమందిలో పాము చావదని సామెత. ఎవరికి వారు పక్కవాడు కొడతాడులే అనుకుంటారు కాబట్టి. మనిషి విషయంలో ఇది తిరగబడింది. తలా ఓ చెయ్యి వేస్తారు. నేనొక్క దెబ్బే కొట్టానని పదిమందీ చెబుతారు, బహుశా నిజమే చెబుతారు కూడా. ఎన్నో దెబ్బకు పోయాడో ఎవరికీ తెలియదు. దేహశుద్ధిలో ఉన్న సుఖం ఇదే.

జార్ఖండ్‌లోని సెరాయికెలాలో 2019 జూన్‌లో బైకు దొంగ అన్న అనుమానంతో ఓ యువకుణ్ణి స్తంభానికి కట్టేసి రాత్రంతా కొట్టారు. అతనిచేత మత నినాదాలు చేయించారు. కొద్ది రోజులకే చనిపోయాడు. గుండె ఆగి పోయాడంటూ పోలీసులు మొదట హత్య సెక్షన్ తీసేశారు, గొడవయ్యాక మళ్లీ పెట్టారు. 2020 ఏప్రిల్‌లో మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో దొంగలొచ్చారన్న పుకారుకు ఇద్దరు సాధువులూ వాళ్ల కారు డ్రైవరూ బలైపోయారు. మనమేమీ తీసిపోలేదు. 2018 మేలో పార్థీ గ్యాంగ్ అనే దొంగల ముఠా తిరుగుతోందని, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని తెలుగు ఊళ్లన్నీ కర్రలు పట్టుకుని రాత్రుళ్లు కాపలా కాశాయి. ఆ వేడిలోనే హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఓ ట్రాన్స్‌జెండర్ మహిళను మూక కొట్టి చంపింది. దొంగనైతే కొట్టొచ్చు అని ఒప్పుకున్నాక, దొంగ ఎవరన్నది తేల్చేదీ ఆ గుంపే. ఒక్కసారి ఆ పెత్తనం ఇచ్చాక తిరిగి తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

కొట్టు నడిపేవాళ్ల కష్టం మాకు తెలియనిది కాదు. రోజంతా నిలబడితే మిగిలేది ఎంతో, స్టేషన్‌కు వెళ్తే ఎంతసేపు కూర్చోబెడతారో తెలుసు. ఆ కోపం న్యాయమైనదే. దానికి మనిషి ప్రాణం ఖరీదు కట్టడం మాత్రం కుదరదు.

చట్టం ఏమంటోందో కూడా చూద్దాం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం 5,000 రూపాయల లోపు సొత్తు మొదటిసారి దొంగిలించినవాడు దాన్ని తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవ. బడి ఆవరణ ఊడవమనో, ఆస్పత్రిలో సాయం చేయమనో కోర్టు చెప్పొచ్చు. పార్లమెంటు చీపురు పట్టమన్న నేరానికి మనం పాడె కడతామంటున్నాం.

ఆస్తిని కాపాడుకునే హక్కు లేదా అంటే, ఉంది. దాని కోసం ప్రాణం తీయడం దాకా వెళ్లగలిగే సందర్భాలు 41వ సెక్షన్‌లో ఉన్నాయి. దోపిడీ, రాత్రిపూట ఇంటికి కన్నం, నిప్పు పెట్టడం, ప్రాణానికో ఒంటికో పెద్ద ముప్పు తప్పదన్న భయం కలిగించే దొంగతనం. సంచీలో షాంపూ సీసా, నెయ్యి ప్యాకెట్టు దాచుకున్న మనిషి వీటిలో ఎక్కడ ఇముడుతుంది? పైగా సరుకు చేతికి తిరిగొచ్చాక ఆ హక్కు అక్కడితో అయిపోతుంది. ఆ తర్వాత పడే ప్రతి దెబ్బా నేరమే. వీడియోల్లో మనం చూస్తున్నవన్నీ ఆ తర్వాతి దెబ్బలే. సరుకు కౌంటర్ మీద ఉంటుంది, మనిషి నేల మీద ఉంటాడు.

ఇదే సంహితలో మూకహత్యకు ప్రత్యేక నిబంధన తెచ్చామని కేంద్రం గొప్పగా చెప్పుకొంది. ఐదుగురు లేదా అంతకుమించి కలిసి జాతి, కులం, భాష, పుట్టిన ఊరు లాంటి కారణాలతో చంపితే ఉరి లేదా యావజ్జీవం. దొంగ అనే అనుమానం ఆ జాబితాలో పేరు పెట్టి లేదు. మామూలు హత్య సెక్షన్ ఉంది కదా అనొచ్చు. అట్టపాడిలోనూ ఉంది.

అమెరికాలో అయితే అక్కడికక్కడే కాల్చి పారేస్తారు అని చెప్పే మేధావులు ప్రతి గ్రూపులోనూ ఒకరుంటారు. టెక్సాస్ చట్టం రాత్రిపూట దొంగతనాలకు కొన్ని షరతులతో అంత వెసులుబాటు ఇస్తుంది, నిజమే. దాన్ని పట్టుకుని అమెరికా అంతా ఇంతే అనుకోవద్దు. 2015 అక్టోబర్‌లో మిషిగన్‌లోని ఆబర్న్ హిల్స్‌లో, హోమ్ డిపో దుకాణం నుంచి సరుకుతో పారిపోతున్నవాళ్ల కారు మీద అక్కడికి వచ్చిన ఓ మహిళ లైసెన్స్ పిస్టల్‌తో కాల్పులు జరిపింది. కార్లూ మనుషులూ తిరిగే పార్కింగ్ అది. ఆమెకు 18 నెలల ప్రొబేషన్, అంటే జైలుకు పంపకుండా కోర్టు నిఘాలో ఉంచే శిక్ష పడింది. ఇక జన్మలో ఎవరికీ సాయం చేయనని కోర్టు బయట అందట. సాయం అనే మాట అక్కడా ఇలాగే అరిగిపోయిందన్నమాట!

మరి ఈ జనాగ్రహం పెద్ద దొంగల దగ్గర ఎందుకు కనపడదు? చిట్టీల పేరుతో వీధి వీధినంతా ముంచినవాడు బెయిలు మీద వస్తే ఇంటి ముందు కారు ఆపుకోవడానికి మనమే జాగా ఇస్తాం. బ్యాంకు అప్పు ఎగ్గొట్టినవాడి ఇంట పెళ్లికి మొదటి వరసలో కూర్చుంటాం. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అని పెద్దలు ఊరికే అనలేదు. ఇక్కడ దొరికినా దొరే, కాకపోతే స్థాయి ఉండాలి. స్తంభానికి కట్టేసినవాళ్లలో మంచి చెప్పులున్న మనిషిని మేమెప్పుడూ చూడలేదు.

మూకదాడులపై 2018 జులై 17న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు ఉన్నాయి. మూకదాడులను ఆపే బాధ్యత చూసేందుకు ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారి ఉండాలంది. రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులకు ఒకటే ప్రశ్న. మీ జిల్లాలో ఆ అధికారి పేరు ఎంతమందికి తెలుసు? దేహశుద్ధి అయిన మనిషిని స్టేషన్‌కు తెచ్చినప్పుడు, అతని ఒంటి మీద దెబ్బలు ఎవరు కొట్టారని అడుగుతున్నారా, లేక పని తప్పిందని సంతోషిస్తున్నారా? దొంగపై కేసు నమోదు అన్నది వార్తలో తప్పకుండా ఉంటుంది. కొట్టినవాళ్లపై కేసు అన్నది ఎప్పుడో గానీ ఉండదు.

మా వంతు పని మేం మొదలుపెడుతున్నాం. ఈ రోజు నుంచి మా పేజీల్లో దేహశుద్ధి అనే మాట ఉండదు. కొడితే కొట్టారని రాస్తాం. కేసు పడితే ఎవరు కొట్టారో పేరు, ఊరు రాస్తాం. పరువు పోయిందని, మా పేరెందుకు వేశారని ఆఫీసుకు ఫోన్ చేసేవాళ్లు ఒక్కసారి ఆ వీడియో పెట్టుకుని చూసుకోండి, అందులో నవ్వుతూ నిలబడింది ఎవరో.