‘ఫోనుంటే చాలు, బడితో పనేంటి’ అంటున్న మెసేజ్‌కి జవాబు

‘కరోనాతో లోకం మారిపోయింది. ఇప్పటి పిల్లలు పుట్టుకతోనే డిజిటల్. ఎక్కాలు, పాఠాలు పాతకాలం సంగతి. కోడింగ్, ఏఐ నేర్పించండి. ఫోనుంటే మిగతాది వాళ్లే నేర్చుకుంటారు.’ పేరెంట్స్ గ్రూపుల్లో ఇంకా చక్కర్లు కొడుతున్న మెసేజ్ సారాంశమిది. లోకం మారిందన్నది నిజమే. మిగతా మాటలే నిలబడవు.

‘ఫోనుంటే వాళ్లే నేర్చుకుంటారు.’ ఈ ప్రయోగం ఇప్పటికే జరిగిపోయింది. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. తెలంగాణలో ఆ సెప్టెంబర్ నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ టీవీ ఛానళ్లలో పాఠాలు వచ్చాయి. గ్రామీణ పిల్లల చదువుపై వచ్చే ‘అసర్’ సర్వే ప్రకారం దేశంలో స్మార్ట్‌ఫోన్ ఉన్న విద్యార్థుల ఇళ్లు 2018లో 36.5 శాతం, 2021లో 67.6 శాతం. మరి చదువు? రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు తెలంగాణలో 2018లో 18.1 శాతం ఉంటే 2022 నాటికి 5.2కి పడిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కి దిగారు. ఫోన్ల వల్లే చదువు పోయిందని నేననను. బడి లేని లోటును ఫోను పూడ్చలేకపోయిందంటున్నా, అంతే. అసలు ఫోనెవరిది? నాన్న జేబులో పెట్టుకుని పనికి పోతే ఆ రోజు క్లాసు గోవిందా. ఇంట్లో స్మార్ట్‌ఫోనున్న పిల్లల్లోనూ అది చేతికి అందనివాళ్లు 2021లో నాలుగో వంతు. ఇక దేశం మొత్తం మీద రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లల శాతం 2018లో 27.3, 2022లో 20.5, 2024లో 27.1. అంటే పిల్లలు మళ్లీ కోలుకున్నది బడులు తెరిచాకే.

‘పుట్టుకతోనే డిజిటల్.’ వేలు ఆడించడం వచ్చు, ఒప్పుకుంటా. 2023లో అసర్ వాళ్లే దేశంలోని 28 జిల్లాల్లో 14–18 ఏళ్ల వాళ్లను అడిగితే, దాదాపు 90 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం తెలుసు. కానీ సోషల్ మీడియా వాడేవాళ్లలో, వేధించే ప్రొఫైల్‌ను బ్లాక్ చేయడమో రిపోర్ట్ చేయడమో తెలిసింది సుమారు సగం మందికే. అదే సర్వేలో చదవడం వచ్చిన వాళ్లకు ఓఆర్ఎస్ ప్యాకెట్ మీది సూచనలిచ్చి నాలుగు ప్రశ్నలు వేశారు. కనీసం మూడింటికి సరిగ్గా చెప్పింది మూడింట రెండొంతుల మందే. పొడిని ఎన్ని నీళ్లలో కలపాలి, కలిపింది ఎన్ని గంటల్లో తాగేయాలి లాంటివన్నీ దాని మీదే రాసుంటాయి. చదివి అర్థం చేసుకోవాలి, అంతే. కరోనా రోజుల్లో కషాయాల మెసేజ్‌లు నమ్మి ఆగమైన ఇళ్లెన్నో చూశాం కదా, అప్పుడు కొరవడింది ఈ నైపుణ్యమే.

‘కోడింగ్ నేర్పితే చాలు.’ నేర్పండి, వద్దనేదెవరు? 2020 జాతీయ విద్యావిధానం కూడా ఆరో తరగతి స్థాయి నుంచి నేర్పమంటోంది. కానీ పైన చెప్పిన 14–18 ఏళ్ల వాళ్లలో, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగింది 43 శాతమే. ఏఐ చేసిచ్చిన లెక్క తప్పో ఒప్పో వీళ్లు దేన్నిబట్టి తేలుస్తారు? ఆరేళ్లకే కోడింగ్ అంటూ ఏడాది ఫీజు ముందే కట్టించుకునేవాళ్లు ఈ ప్రశ్న జోలికే రారు.