యూనిఫాం ముసుగులో బేరం

నేవీలో పనిచేస్తున్నానని ఎవరైనా చెబితే విశాఖపట్నంలో అనుమానించాలని తోచదు. తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం ఉన్న ఊరిది. డాక్‌యార్డుకు డ్యూటీకి వెళ్లేవారో, బదిలీపై వచ్చి కొన్నేళ్లకే సామాను సర్దుకునేవారో మన చుట్టుపక్కలే ఉంటారు. పాత వస్తువులను ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేవారిని దోచుకునే ముఠాలకు ఆ నమ్మకమే పెట్టుబడి.

ఎంవీపీ కాలనీలో ఒక గృహిణి టేకు డైనింగ్ టేబుల్‌ను 12 వేలకు అమ్మకానికి పెట్టిందనుకుందాం. పావుగంటలో ఫోను వస్తుంది. తాను డ్యూటీలో ఉన్నానని, గేటు దాటి రాలేనని, బండి పంపించి టేబుల్ తెప్పించుకుంటానని అవతలి మనిషి హిందీ కలిసిన తెలుగులో చెబుతాడు. వస్తువు చూడడు, బేరమాడడు. పాత సామాను కొంటూ వంద రూపాయలైనా తగ్గించమనని మనిషి ఈ ఊళ్లో ఎక్కడున్నాడని అప్పుడే అడగాలి. కానీ ఈలోగా వాట్సాప్‌లో గుర్తింపు కార్డు, క్యాంటీన్ కార్డు, యూనిఫాంలో దిగిన ఫొటో వచ్చి పడతాయి. అవి ఎవరివో, ఎక్కడ దొంగిలించినవో ఆమెకు తెలిసే దారి లేదు. తమ ఖాతాల పద్ధతి వేరని, ముందు 5 రూపాయలు పంపితే 10 వస్తాయని అంటాడు. నిజంగానే వస్తాయి. ఆ తర్వాత వచ్చిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి పిన్ నొక్కగానే ఆమె ఖాతాలోంచే 12 వేలు పోతాయి. పొరపాటు జరిగిందని, తిరిగి పంపిస్తానని చెప్పి అతను మరో కోడ్ పంపడం గోరుచుట్టుపై రోకటిపోటు.

ఈ మాయను ఛేదించడానికి పూర్ణా మార్కెట్‌లో కూరగాయల బండి దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూస్తే చాలు. కోడ్ ఉండేది అమ్మే ఆమె బండి మీద. స్కాన్ చేసేదీ, పిన్ కొట్టేదీ కొనేవారు. డబ్బు అందుకోవడానికి ఆమె ఏ మీటా నొక్కదు. యూపీఐ పిన్ అవసరమయ్యేది ఖాతాలోంచి డబ్బు పంపడానికి, లేదా నిల్వ చూసుకోవడానికి మాత్రమే.

వ్యక్తుల మధ్య డబ్బు అడిగే 'కలెక్ట్' అభ్యర్థనలను జాతీయ చెల్లింపుల సంస్థ 2025 అక్టోబరు 1 నుంచి నిలిపివేయడంతో మోసగాళ్లకు ఒక దారి మూసుకుపోయింది. క్యూఆర్ కోడ్ దారి మిగిలే ఉంది. చెల్లించినట్లు చూపే నకిలీ స్క్రీన్‌షాట్లు, 'ఎక్కువ పంపాను, మిగతాది వెనక్కి వేయండి' అనే వేడుకోళ్లు కూడా ఉన్నాయి. పది అంకెల మామూలు నంబరు నుంచి వచ్చిన 'జమ అయింది' అనే సందేశాన్ని నమ్మి వస్తువు అప్పగించకూడదు. సొంత బ్యాంకు యాప్ తెరిచి నిల్వ చూసుకున్నాకే టేబుల్ గడప దాటాలి.

చదువుకున్నవారు ఎలా మోసపోయారని వెక్కిరించే అలవాటును ఈ పత్రిక సమర్థించదు. ఆ సిగ్గుతోనే బాధితులు ఇంట్లోవారికి కూడా చెప్పకుండా ఒకటి రెండు రోజులు గడిపేస్తారు. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారు అజాగ్రత్తతో పోయిన సొమ్ములో బ్యాంకుకు తెలియజేసేంతవరకు జరిగిన నష్టం ఖాతాదారుదే. తెలియజేశాక జరిగేది బ్యాంకుది. కాబట్టి వెంటనే బ్యాంకుకు, సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోను చేయాలి. సొమ్ము మరో ఖాతాకు మారేలోపు ఆపగలిగితేనే తిరిగొచ్చే ఆశ ఉంటుంది.

అయితే జాగ్రత్త భారమంతా అమ్మేవారి మీదే వేయడం న్యాయం కాదు. 'ఈ సొమ్ము మీ ఖాతా నుంచి పోతుంది' అన్న ఒక్క వాక్యాన్ని పిన్ అడిగే తెర మీద పెద్ద తెలుగు అక్షరాల్లో చూపించడానికి చెల్లింపు యాప్‌లకు ఏ సాంకేతిక అడ్డంకీ లేదు. ఫిర్యాదులు వచ్చిన నంబర్లతో కొత్త ఖాతాలు తెరవనీయకుండా చూడటం అమ్మకాల వేదికల పని. నౌకాదళ అధికారులు, నగర పోలీసులు కలిసి మల్కాపురం నుంచి మధురవాడ దాకా అపార్టుమెంట్ల నోటీసు బోర్డుల మీద ఒక ప్రకటన అంటించాలి: పాత మంచం కొనడానికి ఏ నావికుడూ తన గుర్తింపు కార్డు ఫొటో పంపడని.