ముక్కుకు సీసం, కాళ్లకు గడియ

(హైదరాబాద్‌లో రెండు పడకగదుల ఇల్లు. భోజనాల బల్ల మీద కంచాలకు బదులు, రామనాథం కడుతున్న రిమోట్ బొమ్మ విమానం తాలూకు ఐదున్నర అడుగుల రెక్క, బల్సా అనే తేలిక చెక్కది. రామనాథం పదవీ విరమణ చేసి మూడేళ్లయింది. సుభద్ర ఫిజిక్స్ టీచరు, నిరుడే విరమించారు. ఇద్దరిలో ఆమె పింఛనే పెద్దది. ఈ సంగతి ఆయన మరిచిపోతుంటారు, ఆమె మరిచిపోరు.)

సుభద్ర: ఏమండీ, ఈ రెక్క ఎప్పుడు లేస్తుంది?

రామనాథం: ఇంజిన్ రానీ, రయ్యిమని లేస్తుంది.

సుభద్ర: ఆకాశంలోకి కాదు, బల్ల మీది నుంచి. వారం రోజులుగా సాంబారు గిన్నె నేల మీద పెడుతున్నాను.

రామనాథం: ఇది ఆషామాషీ విమానం కాదు సుభద్రా. బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్! అందులోనూ 152వ స్క్వాడ్రన్‌ది. 1940లో జర్మన్లు బ్రిటన్ మీద విరుచుకుపడినప్పుడు ఎదురు నిలిచిన దళం. మన నిజాం విరాళమిస్తే దళం పేరులో హైదరాబాద్ అని చేర్చారు. చిహ్నంలో ఆయన తలపాగా కూడా పెట్టారు, తెలుసా?

సుభద్ర: డబ్బిచ్చినందుకు పేరూ పెట్టి, తలపాగా కూడా పెట్టారా? ఎంత మర్యాదస్తులు! సరే, ఇంజిన్ సంగతి చెప్పండి.

రామనాథం: పది సీసీ టూ స్ట్రోక్ గ్లో ఇంజిన్. చవక.

సుభద్ర: కిందటి విమానానికి పెట్టినదేనా? ఎండుకొబ్బరి వేసిన మిక్సీలా అరిచేది. పైగా మెథనాల్, ఆముదం కలిపిన ఆ ఇంధనం! మీ చొక్కాలు నాలుగుసార్లు ఉతికినా పురిటింటి వాసన పోలేదు. బ్యాటరీ మోటారు పెట్టుకోవచ్చు కదా?

రామనాథం: స్పిట్‌ఫైర్‌కు మోటారా? అసలు దానిలో ఇరవై ఏడు లీటర్ల మెర్లిన్ ఇంజిన్, పన్నెండు సిలిండర్లు! దాని చోట మోటారు పెడితే టేబుల్ ఫ్యానుకు తుపాకులు తగిలించినట్లుంటుంది.

సుభద్ర: ఆ డబ్బాలో ఏమిటి? ఎత్తబోతే చెయ్యి జారింది.

రామనాథం: సీసం. స్పిట్‌ఫైర్‌కు ముక్కు పొట్టి, తోక పొడుగు. బొమ్మ కడితే తోక బరువై కూర్చుంటుంది. అందుకని ముక్కులో సీసం నింపుతాం.

సుభద్ర: చవక ఇంజిన్ తేలిక. అది తేలికైనందుకు సీసం. ఆ సీసాన్ని మోయడానికి మళ్లీ ఇంజినుకు బలం చాలదు. ఈ లెక్క మా ఎనిమిదో తరగతి పిల్లలు రాస్తే సున్నా వేసేదాన్ని. ఎలాగూ బరువు కావాలంటున్నారు. ఆ బరువేదో ఇంజిన్‌లోనే కొనుక్కోరాదూ?

రామనాథం: (గొంతు తగ్గించి) అంటే... ఇరవై సీసీ ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ ఇంజిన్ ఒకటి ఉంది. స్పార్కుకు వేరే పెట్టె, దానికో బ్యాటరీ, అన్నీ ముక్కులోనే సర్దవచ్చు. పెద్ద ప్రొపెల్లర్‌ను నెమ్మదిగా తిప్పుతుంది. మిక్సీ గోల ఉండదు, బుల్లెట్ బండిలా డుబుడుబుమంటుంది. ఆముదం ఉండదు. ఒక్కటే ఇబ్బంది...

సుభద్ర: ధర.

రామనాథం: నీ నెల పింఛను.

సుభద్ర: నాదే ఎందుకైంది?

రామనాథం: నాదైతే నెలన్నర పడుతుంది.

(కాసేపు ఫ్యాను తిరిగిన చప్పుడు.)

సుభద్ర: కాళ్ల సంగతేమిటి?

రామనాథం: మోకాళ్లు ఫరవాలేదు, ఆ నూనె రాసిన దగ్గర్నుంచి...

సుభద్ర: విమానం కాళ్లండీ!

రామనాథం: ఆ, అవా! అసలు విమానంలో తొలిరోజుల్లో పైలట్ చేతి పంపు కొట్టి చక్రాలు పైకి లాక్కునేవాడు.

సుభద్ర: బోరింగు కొట్టినట్లా?

రామనాథం: అచ్చంగా. కుడి చెయ్యి పంపు మీద, ఎడమ చెయ్యి విమానం నడిపే కర్ర మీద. ఒక చెయ్యి ఊగితే రెండోదీ ఊగేది. నేల వదిలిన స్పిట్‌ఫైర్ అలల మీద పడవలా ముక్కు ఎత్తుతూ దించుతూ పోయేది. మనకు ఆ బాధ లేదు. సొరుగులో పాత సర్వో ఉంది, రిమోట్ చెప్పినట్లు చెయ్యి తిప్పే బుల్లి మోటారు. దాన్ని తగిలిస్తాను.

సుభద్ర: గ్లైడర్ చుక్కానికి వాడినదా? అది తొంభై డిగ్రీలు తిరిగితే గొప్ప. చక్రాలు ముడిచే సర్వో నూట ఎనభై తిరగాలి.

రామనాథం: (ఉలిక్కిపడి) ఎందుకట?

సుభద్ర: తలుపు గడియ వేస్తే దొంగ తోసిన బలం గడియ మీద పడుతుందా, మీ చేతి మీద పడుతుందా? సర్వో చెయ్యి పూర్తిగా అటు తిరిగి, చక్రాన్ని లాగే తీగా ఆ చెయ్యీ ఒకే గీతలోకి వస్తే చక్రానికి తగిలిన దెబ్బ సర్వోను తిప్పలేదు. సగంలో ఆగితే పళ్లు రాలతాయి, సర్వోవి. తరువాత విమానానివి.

రామనాథం: సరే, రిమోట్‌లో సర్వో తిరిగే మేర కొంచెం పెంచి...

సుభద్ర: చక్రాలు ముడిచే సర్వో మీ రిమోట్ సవరింపులు వినదు. ఈ చివరో, ఆ చివరో. మధ్యలో ఆగడం దానికి తెలియదు.

రామనాథం: మా అమ్మలాగా.

సుభద్ర: నేనేమీ అనలేదు. తీగ పొడుగు, చేతికున్న రంధ్రం మార్చుకుంటూ సరిచేయాలి. ఎక్కడైనా బిగిస్తే సర్వో గుయ్‌మంటూ బ్యాటరీ తాగేస్తుంది. విమానంలో రిమోట్ మాట అందుకునే రిసీవర్‌కూ అదే బ్యాటరీ అయితే మీరు కింద రిమోట్ పట్టుకుని దండం పెట్టుకోవడమే. అందుకని కాళ్లకు వేరే బ్యాటరీ.

రామనాథం: సుభద్రా, ఇవన్నీ నీకెలా తెలుసు?

సుభద్ర: పొద్దున మీరు స్నానంలో ఉండగా దుకాణం అబ్బాయి ఫోన్ చేశాడు. 'పది సీసీ ఖాయమేనా ఆంటీ' అన్నాడు. నలభై నిమిషాలు మాట్లాడాను. పాపం, బాగా చదువుకున్న పిల్లవాడు.

రామనాథం: ఖాయం చేశావా?

సుభద్ర: రద్దు చేశాను.

రామనాథం: అయ్యో!

సుభద్ర: ఇరవై సీసీ చెప్పాను. కాళ్లకు రెండు సర్వోలు, వేరే బ్యాటరీ. డబ్బు కూడా పంపేశాను. సీసం పాత సామాన్లవాడికి వేసేయండి.

రామనాథం: (లేచి నిలబడి) నువ్వు మనిషివి కావు సుభద్రా, నిజాంవి!

సుభద్ర: ఆ మాటే అనుకున్నాను. అయితే విమానం మీద మా తెనాలి పేరు రాయండి.

రామనాథం: 152వ తెనాలి స్క్వాడ్రనా? చరిత్ర తెలిసినవాళ్లు నవ్వుతారు!

సుభద్ర: కుడిపక్క హైదరాబాద్ ఉంచుకోండి, ఎడమపక్క తెనాలి. తలపాగా బదులు కొప్పు వేయండి.

రామనాథం: కొప్పులో పువ్వులు కూడా వేయమంటావా?

సుభద్ర: వేయండి. కానీ ముక్కు వైపు. తోక బరువెక్కుతుంది.